మీకు తెలుసా? పద్నాలుగు కూడా ప్రధాన సంఖ్యే!

‘14’ ప్రధాన సంఖ్య. అచ్చుతప్పు కాదు.

తొమ్మిదేసి చొప్పున లెక్కపెట్టే ఊరొకటి ఉందనుకోండి. అక్కడి పిల్లవాడు పలక మీద 14 అని రాస్తే ఒక తొమ్మిది, దాని పక్కన నాలుగు అని అర్థం. అంటే మన పదమూడు. ఇప్పుడు పదమూడు చింతపిక్కలు తీసుకుని సమానమైన వరుసలుగా పేర్చబోండి. రెండు వరుసలైతే ఒక పిక్క మిగులుతుంది. మూడైనా ఒకటే, నాలుగైనా ఒకటే. ఐదు వరుసలైతే మూడు మిగులుతాయి. ఒకే బారున పరిచేయడం తప్ప దారి లేదు. పిక్కలకు మన అంకెల సంగతి తెలియదు కదా, పదేసి లెక్కపెట్టేవాడి చేతిలోనైనా తొమ్మిదేసి లెక్కపెట్టేవాడి చేతిలోనైనా అలాగే మొండికేస్తాయి.

ఎన్నేసి చొప్పున కట్టలు కడుతున్నామో ఆ సంఖ్యను లెక్కల పుస్తకాలు ‘ఆధారం’ అంటాయి. కంప్యూటర్లు వచ్చాక అందరి నోటా ‘బేస్’ అయింది, మనమూ అదే అందాం. మనది బేస్ 10, కంప్యూటరుది బేస్ 2. ఇదే పదమూడు బేస్ 2లో 1101, బేస్ 3లో 111, బేస్ 5లో 23, బేస్ 8లో 15. వేషాలెన్ని మార్చినా మనిషి ఒక్కడే. అయితే ఒక్కో వేషంలో ఒక్కో గుట్టు బయటపడుతుంది. ఈ వారం ఆ గుట్లు కొన్ని.

* * *

సరిసంఖ్యో బేసిసంఖ్యో చివరి అంకె చూసి చెప్పే అలవాటు బేస్ 9లో పనికిరాదు. 14 చివర నాలుగుంది, అయినా అది బేసి. అక్కడ అంకెలన్నీ కూడాలి: 1+4=5, బేసి వచ్చింది కాబట్టి సంఖ్యా బేసే. బేస్ బేసి సంఖ్యైన చోటల్లా ఇదే సూత్రం. (‘బేసి బేస్’ అనాల్సి వచ్చింది, మన్నించండి.) అందుకే బేస్ 9లో 2ని మినహాయిస్తే ఏ ప్రధాన సంఖ్య అంకెలు కూడినా బేసే వస్తుంది.

మరి మన పదిలో? 13 అంకెల మొత్తం 4, 23ది 5, 31ది 4, 41ది 5. సగం సరి, సగం బేసి ఉంటాయేమో అనిపిస్తుంది. అనిపించడం వేరు, నిరూపించడం వేరు. రష్యన్ గణితవేత్త గెల్‌ఫొండ్ 1968లో ఈ మాట అడిగితే, అవును సగం సగమేనని మోదుయి, రివా అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు తేల్చిన వ్యాసం అచ్చయ్యేసరికి 2010 వచ్చింది.

* * *

ఆరేసి చొప్పున లెక్కపెడితే ప్రధాన సంఖ్యలకు తోకలు రెండే. 2, 3 పోను మిగతావన్నీ 1తోనో 5తోనో ముగుస్తాయి. మన బేస్ 10లో 2, 5 పోను తోకలు నాలుగు: 1, 3, 7, 9. బేస్ 30లో 2, 3, 5 పోను ఎనిమిది: 1, 7, 11, 13, 17, 19, 23, 29. ఆ జాబితాను ఇంకోసారి చూడండి. ఒకటిని పక్కన పెడితే తోకలన్నీ మళ్ళీ ప్రధాన సంఖ్యలే! ముప్పై కంటే పెద్ద బేస్ దేనికీ ఈ భాగ్యం లేదు.

అరవైకి వెళ్తే ఏమవుతుంది? అరవై అంకెలకు పేర్లెక్కడ తేవాలని మనం వెతుక్కోనక్కర్లేదు, ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాల పేర్లు సిద్ధంగా ఉన్నాయి. ప్రభవను ఒకటిగా లెక్కేస్తే, 5 దాటిన ప్రధాన సంఖ్యలకు తోకలుగా నిలిచే పేర్లు పదహారు. అందులో పదిహేనింటి వరుస సంఖ్యలు ఒకటో, ప్రధాన సంఖ్యో. పదహారోది మాత్రం 49, ఏడేళ్ళు నలభై తొమ్మిది. సంవత్సరాల్లో నలభై తొమ్మిదో దాని పేరు చూసుకోండి: రాక్షస.

* * *

వికటకవి అన్న మాట ఎటునుంచి చదివినా వికటకవే. సంఖ్యల్లోనూ అలాంటివున్నాయి: 131, 727. అయితే వికటత్వం బేస్‌ను బట్టి మారుతుంది. 13ను తిప్పితే 31 అవుతుంది కానీ, బేస్ 3లో అదే పదమూడు 111, అచ్చమైన వికటకవి. 17 బేస్ 2లో 10001. అలా వెతుక్కుంటూ పోతే ప్రతి సంఖ్యా ఏదో ఒక బేస్‌లో వికటకవి అయి తీరుతుందా?

ముందు ఒక దొంగదారి మూసేయాలి. ఏ సంఖ్యైనా తనకంటే ఒకటి తక్కువున్న బేస్‌లో 11 అవుతుంది. 50ని బేస్ 49లో రాస్తే ఒక నలభై తొమ్మిది, పక్కన ఒకటి. ఇది అందరికీ ఉత్తినే దొరికేది కాబట్టి లెక్కలోకి తీసుకోవద్దు. బేస్ ఇంకా పెద్దదైతే సంఖ్య ఒక్క అంకెగా మిగులుతుంది, దాన్నీ వదిలేద్దాం.

ఇప్పుడు 35 తీసుకోండి. అది 5×7, అంటే ఏడు ఐదులు. ఆరు ఐదులు, ఇంకో ఐదు అనుకుంటే బేస్ 6లో 55. అయిపోయింది, వికటకవి. 91 అంటే 7×13; పదమూడులో ఒకటి తగ్గించి బేస్ 12లో రాస్తే 77. 51 అంటే 3×17. బేస్ 16లో 33. కిటుకు కనిపెట్టారుగా: రెండు కారణాంకాల లబ్ధంగా రాయగలిగితే, పెద్దదానిలో ఒకటి తగ్గించి దాన్ని బేస్ చేసుకుంటే చిన్నది రెండుసార్లు పక్కపక్కన కూర్చుంటుంది. 12ను 3×4 అనుకుంటే ఈ పప్పులు ఉడకవు, 2×6 అనుకుంటే బేస్ 5లో 22. 49 లాంటి వర్గాలకు వేరే దారి ఉంది: బేస్ 6లో 121.

అంటే 6 దాటిన ప్రతి సంయుక్త సంఖ్యా ఎక్కడో ఒకచోట వికటకవి కాక తప్పదు. ఏ బేస్‌లోనూ లొంగని సంఖ్య ఒకటి దొరికిందంటే, అది 6 కన్నా పెద్దదైతే, కళ్ళు మూసుకుని ప్రధాన సంఖ్య అనేయొచ్చు. 11, 19, 47, 53, 79, 103 అలాంటి మొండిఘటాలు. పందొమ్మిదిని బేస్ 2 నుంచి బేస్ 17 దాకా పదహారు రకాలుగా రాసి చూడండి. కాగితం వృథా, కాలక్షేపం దండి.

* * *

ఒకట్లు తప్ప మరో అంకె లేని సంఖ్యలు చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. 1111 ప్రధాన సంఖ్యా? ఏ బేస్‌లో అని అడగాల్సిన పనే లేదు. ఎక్కడైనా అది 11×101. నాలుగు ఒకట్లను రెండు జతలుగా విడదీయగలం గనక ఆ సంఖ్యా విడిపోతుంది. ఆరు ఒకట్లైతే 111×1001. కాబట్టి ఒకట్ల పటాలం ప్రధాన సంఖ్య కావాలంటే ఎన్ని ఒకట్లున్నాయన్నదే ముందు ప్రధాన సంఖ్య కావాలి. అదొక్కటే చాలదు: బేస్ 2లో పదకొండు ఒకట్లు అంటే 2047, అది 23×89.

బేస్ 2లోని ఈ పటాలాలకు పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ పేరు పెట్టారు. 1644లో ఆయన ఇచ్చిన జాబితాలో అరవై ఏడు ఒకట్ల సంఖ్య కూడా ప్రధాన సంఖ్యగా ఉంది. కాదని లూకాస్ 1876లో తేల్చాడు, కానీ దాని కారణాంకాలేమిటో చెప్పలేదు. 1903లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ లేచి, నోరు మెదపకుండా బోర్డు మీద ఒక పక్క 2ను 67 సార్లు హెచ్చించి ఒకటి తీసేశాడట. రెండో పక్క 193707721ని 761838257287తో గుణించాడట. రెండు చోట్లా 147573952589676412927 వచ్చింది. సుద్దముక్క పెట్టేసి వెళ్ళి కూర్చుంటే సభంతా చప్పట్లు. కథకు కాస్త మెరుగులు దిద్ది ఉండొచ్చు గానీ ఆ గుణకారం మాత్రం అక్షరాలా నిజం.

2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ అనే అమెరికన్ పట్టుకున్న ప్రధాన సంఖ్యను మన పద్ధతిలో రాస్తే 4,10,24,320 అంకెలు. అప్పటిదాకా తెలిసినవాటిలో అదే పెద్దది. బేస్ 2లో దాని వర్ణన ఒక్క వాక్యం: 13,62,79,841 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా లేదు.

మన బేస్ 10లో ఒకట్ల ప్రధాన సంఖ్యలు అరుదు. రెండు ఒకట్లు (అంటే 11), ఆ తరువాత ఏకంగా పందొమ్మిది, ఇరవై మూడు, ఆపైన 317, 1031. బేస్ 9 పరిస్థితి మరీ దారుణం, అక్కడ ఒక్కటీ లేదు, ఇక రాబోదు కూడా. బేస్ 4లో ఒక్కటే ఒక్కటి: 11, అంటే మన ఐదు. తొమ్మిది, నాలుగు వర్గ సంఖ్యలు కావడమే వాటి గ్రహచారం. ఉదాహరణకు బేస్ 4లో ఐదు ఒకట్లు అంటే 341. అది 31, 33ల లబ్ధంలో మూడో వంతు, 31×11. ఎన్ని ఒకట్లు పెట్టినా ఇలాగే ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అనే జంటగా చీలిపోతుంది. నాలుగు సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దానితో మనకు సొంత పని ఉంది.

ఇంకొక్కటి. 31 బేస్ 2లో 11111, బేస్ 5లో 111. రెండు బేస్‌లలో మూడుకు తగ్గకుండా ఒకట్లతోనే నిలబడే సంఖ్య ఇంకోటి చెప్పండి చూద్దాం. తెలిసింది ఒక్కటే: 8191, బేస్ 2లో పదమూడు ఒకట్లు, బేస్ 90లో మూడు. ఈ రెండూ తప్ప లేవని బెల్జియం గణితవేత్త గోర్మాక్టిగ్ పేరుతో ఒక ఊహ వందేళ్ళుగా ఉంది. నిరూపణ ఇంకా రాలేదు. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే కావడం దానికి కొసరు.

* * *

ఫోన్‌లో ఏదైనా వెబ్‌సైటు తెరిచినప్పుడు దాని డిజిటల్ సంతకం అసలుదో నకిలీదో ఫోన్ తనంతట తానే సరిచూస్తుంది. ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో నడిచే సంతకాలైతే ఆ పనికి ఎక్కువగా వాడే సంఖ్య 65537. ఇదీ ప్రధాన సంఖ్యే. కానీ ఇదే ఎందుకు?

బేస్ 2లో రాస్తే సమాధానం కనబడుతుంది: రెండు చివర్లా ఒకట్లు, మధ్యలో పదిహేను సున్నాలు. సరిచూడటానికి ఒక భారీ సంఖ్యను 65537వ ఘాతానికి పెంచాలి. అన్నిసార్లూ గుణించుకుంటూ కూర్చోనక్కర్లేదు. పదహారు సార్లు వర్గం చేసి, చివర ఒక్కసారి గుణిస్తే పని పూర్తి. మధ్యలో ఒకటి కనబడ్డ ప్రతిచోటా ఇంకో గుణకారం పడుతుంది, సున్నా దగ్గర ఏమీ పడదు. పోల్చి చూడాలంటే 131071ని తీసుకోండి. అదీ ప్రధాన సంఖ్యే, బేస్ 2లో అదీ పదిహేడు స్థానాలదే, కానీ పదిహేడూ ఒకట్లే. దానికైతే పదహారు వర్గాలతోపాటు పదహారు గుణకారాలు. కోట్ల ఫోన్లు రోజూ చేసే పనిలో ఇది చిన్న పొదుపేమీ కాదు.

ఇలా రెండు చివర్లా ఒకట్లు, మధ్యలో ఏమైనా ఉంటే సున్నాలే ఉండే ప్రధాన సంఖ్యలు బేస్ 2లో తెలిసినవి ఐదే: 3, 5, 17, 257, 65537. ఈ వరుసలో తరువాతదీ ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు.

* * *

స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే కణ్ణన్ సౌందరరాజన్ చెన్నైలో పుట్టిన గణితవేత్త. ఒకసారి తదాషి టోకియేదా అనే గణితవేత్త ఉపన్యాసం విన్నాడు. అందులో నాణెం ఎగరేసే ఆట ఒకటుంది: బొమ్మ వెంటనే బొరుసు పడేదాకా ఎగరేస్తే సగటున నాలుగు సార్లు చాలు, బొమ్మ వెంటనే బొమ్మ పడేదాకా అయితే ఆరు సార్లు. వినగానే తప్పనిపించే నిజం. ప్రధాన సంఖ్యల్లోనూ ఇలాంటిదేమైనా ఉందా అని ఆయన వాటిని బేస్ 3లో రాసుకుని చూశాడు. అక్కడ 3 పోను తోకలు రెండే, 1, 2. నాణెంలాగే అన్నమాట. వెయ్యి లోపు చూస్తే, తోక 1 ఉన్నదాని వెనకాల మళ్ళీ 1 వచ్చిన దానికంటే 2 వచ్చిన సందర్భాలు రెట్టింపుకు పైనే.

రాబర్ట్ లెమ్కె ఆలివర్‌తో కలిసి మన పద్ధతిలోనూ లెక్కపెట్టాడు. మొదటి పది కోట్ల ప్రధాన సంఖ్యల్లో 1తో ముగిసేవాటి వెంటనే వచ్చేది మళ్ళీ 1తో ముగిసింది వందకు 18.5 సార్లే. 3, 7 తోకలు ముప్పయ్యేసి సార్లు, 9 తోక 22 సార్లు. విడివిడిగా లెక్కపెడితే నాలుగు తోకలూ సమానంగానే ఉన్నాయి. వరుసలో నిలబడ్డప్పుడే పక్కవాడి తోక తనలాంటిది కాకూడదని పట్టుబడుతున్నాయి. 1 తోక నుంచి మళ్ళీ 1 తోకకు చేరాలంటే కనీసం పది దాటాలి, ఈలోగా వేరే ప్రధాన సంఖ్య అడ్డొస్తుంది అనుకోవచ్చు. కానీ ఆ ఒక్క కారణానికే ఇంత తేడా రాదని వాళ్ళు 2016లో చూపించారు. వందల ఏళ్ళుగా మనుషులు ఈ సంఖ్యలను తిరగేస్తున్నారు, ఎక్కం నేర్చిన పిల్లలు కూడా లెక్కపెట్టగల ఈ విషయం పెద్దగా ఎవరి కంటా పడకపోవడం నాకు అన్నిటికంటే విడ్డూరం.

* * *

అంకెల్లో 7 అన్నదే లేని ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయి. ఏడే కాదు, పది అంకెల్లో మీకు గిట్టనిది ఏదైనా తీసేయండి, అది లేనివీ అనంతమే. ఇది జేమ్స్ మేనార్డ్ నిరూపణ, ఆయనకు 2022లో ఫీల్డ్స్ పతకం వచ్చింది. తేలిగ్గా అనిపిస్తుంది గానీ, వందంకెల సంఖ్యల్లో 7 లేనిది దాదాపు 38 వేలకు ఒకటి. అంకెలు పెరిగేకొద్దీ గడ్డివామే పలచబడిపోతుంది, అందులో సూది వెతకాలి. బేస్ చిన్నదయ్యేకొద్దీ ఆ పలచన ఇంకా ఎక్కువ.

* * *

ఇక మన ఊరి సంగతి. 143ను చూడండి. అంకెలను బహుపది గుణకాలుగా పెడితే x²+4x+3. అది (x+1)(x+3)గా విడిపోతుంది. x స్థానంలో పది పెడితే 11×13, అంటే 143. ఇప్పుడు 149: x²+4x+9. పదో తరగతి సూత్రాలన్నీ ప్రయోగించినా ఇది విడిపోదు. ఎందుకంటే 149 ప్రధాన సంఖ్య. మీకు తెలిసిన ఏ ప్రధాన సంఖ్య అంకెలనైనా ఇలా పేర్చండి, పూర్ణాంక గుణకాలతో ఆ బహుపదిని ముక్కలు చేయడం ఎవరి తరమూ కాదు. బెర్లిన్‌లో షూర్ దగ్గర చదువుకున్న కోన్ కనుక్కున్న విషయమిది. బేస్ 10కే కాదు, ఏ బేస్‌కైనా ఇది నిలుస్తుందని 1981లో బ్రిల్‌హార్ట్, ఫిలాసెటా, ఒడ్లిజ్‌కో నిరూపించారు. 2002లో దానికి అందరికీ అందేలా చిన్న నిరూపణ రాసింది ఎం. రామ్‌మూర్తి. 1953లో గుంటూరులో పుట్టి, కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్యుడు.

తిరగేసి వాడకండి, బోల్తా పడతారు. 125కు వచ్చే x²+2x+5 కూడా విడిపోదు, అంతమాత్రాన 125 ప్రధాన సంఖ్య అయిపోదు.

* * *

వీసమెత్తు, అణా పరకా అంటూ మనం రోజూ వాడే మాటలు బేస్ 4 అంకెలు. పూర్వం మన కరణాల లెక్కల్లో పూర్ణాంకాలు పదులతో నడిచేవి, ఒకటి లోపలి భాగాలు నాలుగులతో. ఒకటిలో నాలుగో వంతు కాలు, రెండు కాళ్ళు అర, మూడైతే ముప్పాతిక. కాలును మళ్ళీ నాలుగు చేస్తే వీసం, రెండు వీసాలు పరక, మూడు మువ్వీసం. ఇంకా లోపలికి వెళ్ళినా అదే వరస. రాయడానికి విడిగా గుర్తులున్నాయి: మొదటి స్థానంలో నిలువు గీతలు, రెండో స్థానంలో అడ్డగీతలు, మూడోదానికి మళ్ళీ నిలువు, నాలుగోదానికి మళ్ళీ అడ్డం. నిలువు స్థానంలో ఏమీ లేకపోతే హళ్ళి అనే ప్రత్యేకమైన గుర్తు, అడ్డ స్థానంలో ఏమీ లేకపోతే మామూలు సున్న. 2008లో యూనికోడ్ ఈ ఏడు గుర్తులకూ, వాటి పక్కన తూము అనే కొలత గుర్తుకూ చోటిచ్చింది. మీ ఫోన్‌లో ఫాంటు సరిగా ఉంటే కనబడతాయి.

ఈ పద్ధతిలో ముగ్గురన్నదమ్ములకు ఎకరం పంచాలంటే కరణానికి తలనొప్పే. ఒక్కొక్కరికీ కాలు, ఒక వీసం, వీసంలో కాలు, అందులో మళ్ళీ కాలు... తెగదు. 1/3 బేస్ 4లో 0.1111 అంటూ సాగుతూనే ఉంటుంది. 1/5 అయితే 03, 03, 03. 1/7 అయితే 021, 021. దశాంశాల్లో 1/7 ఎంతో మీకు గుర్తుండే ఉంటుంది: 142857 ఆరంకెల చక్రం. 2/7, 3/7, 6/7 దాకా అన్నీ ఆ ఒక్క చక్రాన్నే వేరే వేరే చోట మొదలుపెట్టి తిప్పుతాయి. బేస్ 4లో అలా కాదు. 1/7, 2/7, 4/7 ఒక చక్రం పంచుకుంటాయి: 021, 102, 210. 3/7, 5/7, 6/7 వేరే కుంపటి పెట్టుకుంటాయి: 123, 231, 312.

ప్రధాన సంఖ్య p అయితే 1/p చక్రంలో అంకెలు p−1 కంటే ఎక్కువ ఉండవు. 7కు బేస్ 10లో ఆ పూర్తి చక్రం దొరికింది. వంద లోపు అలాంటివి తొమ్మిది: 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97. ఈ వరుసకు అంతం ఉందా? గాస్ 1801 నాటి పుస్తకంలోనే ఈ చక్రాల మీద పని చేశాడు. 1927లో ఎమిల్ ఆర్టిన్, బేస్ వర్గ సంఖ్య కాకపోతే పూర్తి చక్రాలకు అంతుండదని ఊహించాడు. పది విషయంలో ప్రధాన సంఖ్యల్లో వందకు ముప్పై ఏడుకు కాస్త పైన అలాంటివే ఉండాలని ఆ ఊహ అంచనా. 1984లో రాజీవ్ గుప్తా, మన రామ్‌మూర్తి కలిసి పదమూడు సంఖ్యల జాబితా ఇచ్చి, అందులో కనీసం ఒకదానికి ఈ ఊహ నిజమవుతుందని నిరూపించారు. మరో రెండేళ్ళకు హీత్ బ్రౌన్ దాన్ని బిగించాడు: బేస్ 2, బేస్ 3, బేస్ 5, ఈ మూడింట్లో ఒకదానికైనా పూర్తి చక్రాలు అనంతం. ఆ ఒకటి ఏది అన్నది ఇప్పటికీ తేలలేదు. మన పదికైతే ఇంకా నిరూపణ లేదు.

బేస్ 4కు ఆ ఆశే లేదు. నాలుగు వర్గం కదా. బేస్ 4 అంకె ఒక్కొక్కటీ బేస్ 2 అంకెలు రెండు కలిపి కుట్టినది. బేస్ 2లో 1/11 పదంకెల పూర్తి చక్రం: 0001011101. జతలుగా కలిపితే 00, 01, 01, 11, 01. అంటే బేస్ 4లో 01131, ఐదంకెలే. కరణం ఏ బేసి ప్రధాన సంఖ్యతో భాగించినా చక్రంలో సగానికి మించి అంకెలు రావు.

అంకెలైతే రావు. కానీ ఆయన రాసింది అంకెలు కాదు, గీతలు. 1/7ను ఆ గుర్తులతో రాయండి: హళ్ళి, రెండు అడ్డగీతలు, ఒక నిలువు గీత. నాలుగో స్థానంలో మళ్ళీ 0 వస్తుంది, కానీ అది అడ్డ స్థానం గనక హళ్ళి కాదు, సున్న. తరువాతి 2కు రెండు నిలువు గీతలు, 1కి ఒక అడ్డగీత. అప్పుడుగానీ మళ్ళీ హళ్ళి రాదు. ఆరు గుర్తులు, పూర్తి చక్రం! 1/3 కూడా అంతే, నిలువు, అడ్డం, నిలువు, అడ్డం: ౹౼౹౼. 1/11కు ఐదంకెలు పది గుర్తులవుతాయి. అంకెల చక్రం బేసి సంఖ్యలో ఉంటే రెండో చుట్టులో నిలువులు అడ్డాలవుతాయి, అందుకే ఈ రెట్టింపు. 1/5కు మాత్రం ఆ యోగం లేదు. దాని చక్రం రెండంకెలది కాబట్టి ఎంత దూరం పోయినా హళ్ళి, మూడు అడ్డగీతలు, హళ్ళి, మూడు అడ్డగీతలు.